ఎనిమిదో లైనుకు ఒక కప్ప కావాలి

నిలిచిన నీళ్లంటే ముత్యానికి ఒళ్లు మంట. పాము కనబడితే పక్కకు తప్పుకునే మనిషే గానీ, నీళ్లు నిలిచి కనబడితే మాత్రం తప్పుకోడు. వాకిట్లో బకెట్ కింద నాలుగు చుక్కలు మిగిలినా చీపురు పట్టుకుని వాటి వెంట పడతాడు. ఇలాంటి మనిషితో శోభ ముప్పై ఏడేళ్లు కాపురం చేసిందంటే, ఆమె ఓపికకు దండం పెట్టాల్సిందే.

ఆ మంట ఊరికే పుట్టింది కాదు. ముత్యం బొగ్గుబాయిలో ముప్పై నాలుగేళ్లు పంపు ఖలాసీగా పనిచేసి దిగిపోయాడు. బాయి అనగానే మనకు బొగ్గు గుర్తొస్తుంది. ముత్యాన్ని అడిగితే, "బొగ్గెక్కడిదయ్యా, అంతా నీళ్లే" అంటాడు. భూమి లోపల ఏ గోడ చూసినా నీళ్లు కారుతూనే ఉంటాయి. అవన్నీ పారి పారి ఒక పెద్ద గుంతలో చేరతాయి. ఆ గుంత పక్కన మోటరు, మోటరు పక్కన ముత్యం. షిఫ్టు మొత్తం ఆ నీటి మట్టాన్నే చూస్తూ, పెరిగితే తోడిపోస్తూ కూర్చోవాలి. ఖలాసీ ఒక కునుకు తీశాడంటే లోపలున్న రెండొందల మంది ప్రాణం మీదికొస్తుంది. "నా డ్యూటీల ఒక్కని బూటు గూడ తడవలే" అని ముత్యం చెప్పుకుంటాడు. అది అక్షరాలా నిజం. కాకపోతే రోజుకు ఎనిమిదిసార్లు చెప్పుకుంటాడు, అక్కడే వస్తుంది తంటా.

ఆయనకు ఇంకో గుణముంది. ఎవరినీ ఏదీ అడగడు. ఒకసారి తప్పు బస్సెక్కి బసంత్‌నగర్లో దిగాల్సి వచ్చింది. ఎవరినన్నా అడిగితే పరువు పోతుందని, అక్కడే పనున్నట్టు గంటసేపు సిమెంటు లారీలు చూసి, వచ్చిన బస్సులోనే తిరిగొచ్చాడు. ఆ సంగతి శోభకు తెలుసు, శోభ ద్వారా వాళ్లుండే క్వార్టర్ల లైను మొత్తానికీ తెలుసు.

ఇక గుంట సంగతి. కింద బొగ్గు తీసుకుపోతే పైనున్న భూమి ఊరుకుంటుందా? పాతికేళ్ల కింద ఎనిమిదో లైను క్వార్టర్ల వెనక అరెకరం నేల గిన్నెలా కుంగింది. వాన నీళ్లు చేరి అక్కడే ఉండిపోయాయి. నాచు పట్టింది, జమ్ము మొలిచింది, కొంగలొచ్చాయి. పక్కింటి మల్లక్క నాలుగు బర్రెలూ మధ్యాహ్నమంతా అందులోనే పడుకునేవి. వానాకాలం వస్తే కప్పల గోలకు టీవీలో ఎవరేం మాట్లాడుతున్నారో వినబడేది కాదు. కంపు కొట్టేదా అంటే కొట్టేది, లేదని నేనూ అనను.

రిటైరైన మనిషి వెనక వరండాలో కుర్చీ వేసుకుంటే ఎదురుగా ఏముంటుంది? ఆ గుంటే. రెండేళ్లు పళ్లు నూరుకున్నాడు. మూడో ఏడు ఎండాకాలంలో, "సాయంత్రమైతే దోమలు పీకుతున్నయ్" అని ఎవరో అన్నారు. అంతే, ముత్యానికి పూనకం వచ్చేసింది. చుట్టాల ఊరి నుంచి ఆయిల్ ఇంజన్ తెప్పించి, పైపులు పరిచి, నాలుగు రోజులు పగలంతా తోడి మోరీలో పోశాడు.

"నా బర్లకు ఎట్ల తమ్మీ?" అని మల్లక్క ఒడ్డున నిలబడి అడిగింది.

"బోరింగు కాడ కడుగక్కా. బర్లకు గూడ శుభ్రత నేర్పాలె" అన్నాడు ముత్యం. మల్లక్క బర్రెల వైపు చూసింది. అవి ముత్యం వైపు చూశాయి.

గుంట ఎండింది. లైనులో పిల్లజెల్లా కూడి ముత్యానికి శాలువా కప్పారు. ముత్యం నలభై నిమిషాలు మాట్లాడాడు. చివర్న గుండె మీద చెయ్యి వేసుకుని, "నేనున్నంత కాలం ఈ లైన్ల నీళ్లు నిలువయ్" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. లైనులో అందరికన్నా పెద్దది, ఎనభై దాటిన సమ్మవ్వ మాత్రం చప్పట్లు కొట్టలేదు, తిట్టనూ లేదు. సమ్మవ్వ తిట్టకపోతేనే భయపడాలని లైనుకు తెలుసు. ముత్యం మాత్రం ఆవలింత వచ్చిందేమో అనుకున్నాడు.

పదిహేను రోజులు బాగానే గడిచాయి. ఆ తర్వాత లైను చివరి బోరింగు దగ్గడం మొదలుపెట్టింది. పిడి ఎంత కొట్టినా గాలి తప్ప నీళ్లు రావు. గుంటలో నిలిచిన నీళ్లే మెల్లగా ఇంకి బోరింగుకు అందుతున్నాయన్న ముక్క అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు. ఇక మిగిలింది కంపెనీ నల్లా, అది రోజు విడిచి రోజు గంటసేపు వస్తుంది. దాంతో ఇంటికి రెండు డ్రమ్ములు, నాలుగు తొట్లు, ఖాళీ పెయింటు డబ్బాలు, ఏది దొరికితే దాన్నిండా నీళ్లు పట్టి దాచుకున్నారు. జూన్ మధ్యకొచ్చేసరికి దోమలు ఎంత పెరిగాయంటే, వాకిట్లో నిలబడి మాట్లాడితే మాటకొక దోమ నోట్లోకి పోయేది.

జ్వరాలు మొదలయ్యాయి. ఆశా కార్యకర్త సంధ్యారాణి తెల్ల గరిటె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. ముత్యం ఇంటి డ్రమ్ములో ముంచి తీసి, గరిటె ఆయన ముక్కు ముందు పెట్టింది. నీళ్లలో సన్నని పురుగులు మెలికలు తిరుగుతున్నాయి.

"గివి దోమ పిల్లలు కాకా. లైన్ల ఏ డ్రమ్ము చూసినా గివే."

"గుంట ఎండవెట్టిన గదా!" అన్నాడు ముత్యం.

"గుంటల ఉన్నప్పుడు చేపపిల్లలు, తూనీగ పిల్లలు వీటిని తింటుండె. తప్పించుకొని పైకెగిరినదాన్ని కప్ప మింగుతుండె. మీ డ్రమ్ముల ఎవరున్నరు మింగెటందుకు?"

ముత్యం నీళ్లు నమిలాడు. మూతలు పెట్టుకోవాలని, ఈ కాలం మనుషులకు బద్ధకమని ఏదో గొణిగాడు. అదే వారం శోభ మంచం పట్టింది. తొమ్మిది రోజులు కాగిపోయింది. దవాఖానలో సూదులు, ఇంట్లో తడిగుడ్డలు. ముత్యం ఆ తొమ్మిది రోజులూ మంచం పక్క నుంచి కదల్లేదు, బూటు తడవలేదన్న మాట కూడా ఎవరితోనూ అనలేదు. జ్వరం దిగిన పొద్దు శోభ గంజి తాగుతుంటే ఆయన గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. ఆ మాట ఆయన ముందు ఎత్తకండి, ఒప్పుకోడు.

జూలై వచ్చింది, వాన రాలేదు. రామగుండం ఎండ సంగతి తెలిసిందే, మే నెలలో వచ్చిన చుట్టంలా కూర్చుని లేవనంటోంది. పల్లెల్లో పత్తి గింజలు మట్టిలోనే మాడుతున్నాయని కబుర్లు. గురువారం సాయంత్రం ఆడవాళ్లంతా సమ్మవ్వ గడపలో కూడారు. కప్పతల్లిని ఆడాలన్నది సమ్మవ్వ. వాన పడని ఏడు ఒక బతికున్న కప్పను తడిగుడ్డలో, వేపాకులో పెట్టి రోకలికి కట్టి, ఆ రోకలిని ఇద్దరు భుజాన మోస్తూ గడపగడపకూ తిప్పుతారు. ప్రతి ఇల్లాలూ ఒక బిందెడు నీళ్లు కప్ప మీద పోసి దండం పెడుతుంది. చివరికి కప్పను నీళ్లలో విడిచిపెడతారు. కప్ప పిలిస్తే వాన రాకుండా ఉంటుందా?

"రోకలి నాది" అని మల్లక్క అన్నది. "వేపాకు మేం తెస్తం" అని ఇంకొకరు. "మరి కప్ప?" అన్నది సమ్మవ్వ.

పోయినేడు చెప్పుల్లో కప్పలుండేవి, బాత్రూంలో కప్పలుండేవి. ఇప్పుడు లైను మొత్తం వెతికినా ఒక్కటి లేదు. తలలన్నీ మెల్లగా ముత్యం ఇంటి వైపు తిరిగాయి. ఆ ఇంటి నుంచి వచ్చిన శోభ అక్కడే, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

"తోడిపోసినోనికి పుణ్యముంటది" అని ఒకామె మూతి తిప్పింది. "శాలువా గప్పితిమి, రోకలికి గదే కడుదాం" అని ఇంకొకామె అన్నది. నవ్వులు.

శోభ లేచి నిలబడింది. జ్వరం తాలూకు నీరసం ఇంకా కాళ్లలోనే ఉంది. "మా ఆయనే తెస్తడు. ఐతారం పొద్దుగాలకు కప్ప మీ ముంగట లేకుంటే, నేను ఈ లైన్ల తలెత్తుకొని తిరుగ" అనేసి ఇంటికి వచ్చేసింది.

సంగతి విని ముత్యం ఎగిరిపడ్డాడు. "ఏందే, గట్లెట్ల మాటిస్తవ్?"

"మరేం జెయ్యాలె? నీ మొగడు గిట్ల జేసిండు, గట్ల జేసిండు అంటుంటే ఇనుకుంట కూసోవాల్నా?"

"వాళ్లన్నది అబద్ధమైతే రోషం రావాలె గని..."

"నిజమే గదా. అందుకే వచ్చింది" అన్నది శోభ, అని మంచం మీద అటు తిరిగి పడుకుంది.

మర్నాడు శుక్రవారం. మల్లక్క తనంతట తనే ఒక దారి చెప్పింది. జ్యోతినగర్లో తను పాలు పోసే గోపాలరావు గారింట్లో పెద్ద తామర తొట్టి ఉంది, తామరాకు కింద కప్ప లేకుండా ఉంటుందా? ముత్యం సైకిల్ తొక్కుకుంటూ పోయాడు. గోపాలరావు కోస్తా నుంచి వచ్చి పవర్ ప్లాంటులో ఇంజనీరుగా చేస్తున్న పెద్దమనిషి. గేటు దగ్గర ముత్యం గొంతు సవరించుకుని, తను అడుగుతున్నట్టు కాకుండా, మల్లక్క కప్ప కోసం పంపిందన్నాడు.

"కప్పా? కప్పతో ఏం పనండీ మీకు?" అని గోపాలరావు కళ్లజోడు సర్దుకున్నాడు. సంగతంతా విని తొట్టి దగ్గరకు తీసుకెళ్లాడు. నీళ్ల మీద ఇంద్రధనుస్సులా నూనె తేలుతోంది. "రెండుండేవండీ పోయినేడు దాకా. మా ఆవిడకి దోమలంటే భయం. వారానికోసారి నాలుగు చుక్కలు నూనె వెయ్యమంది, వేశాను. దోమలకి ఏమైందో తెలీదుగానీ, కప్పలు మాత్రం చెప్పాపెట్టకుండా వెళ్లిపోయాయి."

చదువుకున్నవాడొకడు, చదువుకోనివాడొకడు, ఇద్దరూ తొట్టికి చెరోవైపు నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

అప్పుడు గోపాలరావు భార్య లలితాంబ లోపల్నుంచి పరుగున వచ్చింది. ఆమె చేతిలో ఒక పింగాణీ కప్ప. ఆకుపచ్చగా, నున్నగా, నవ్వుతూ ఉంది. "ఇది పనికొస్తుందేమో చూడండి. మా అమ్మాయి తెచ్చింది. పూజయ్యాక భద్రంగా తెచ్చిచ్చేయండేం" అన్నది. ముత్యం వద్దనాలి. కానీ ఆమె అంత ముచ్చటగా ఇస్తుంటే వద్దని ఎలా అంటాడు? అదీగాక, సైకిల్ తొక్కుతుంటే దారిలో ఒక పాడు ఆలోచన వచ్చింది. సమ్మవ్వకు చూపు ఆనదు కదా!

ఎంత సిగ్గుమాలిన పనో ఆయనకూ తెలుసు. అయినా శనివారం పొద్దున్నే పింగాణీ కప్పను తడిగుడ్డలో చుట్టి, చుట్టూ ఇంత వేపాకు కుక్కి, సమ్మవ్వ ఒళ్లో పెట్టాడు. చుట్టూ ఆడవాళ్లు మూగారు. శోభ ముఖం వెలిగిపోయింది. సమ్మవ్వ మూటను అరచేతిలో ఎత్తి బరువు చూసింది. చెవి దగ్గర పెట్టుకుంది. వేలి కణుపుతో ఒకసారి కొట్టింది. టంగుమంది.

"ముత్యం," అన్నది సమ్మవ్వ నెమ్మదిగా, "దీని మీద నీళ్లు పొయ్యాల్నా, దీంట్ల చాయ తాగాల్నా?"

ఇక నవ్వులు చూడాలి! మల్లక్క కొంగు నోట్లో కుక్కుకుంది. ఒకామెకు నవ్వలేక ఎక్కిళ్లు వచ్చాయి. శోభ ఒక్కతే నవ్వలేదు. పెళ్లయిన నాటి నుంచి ఆయన ఏ వెర్రిపని చేసినా నవ్వే మనిషి, తల వంచుకుని ఇంట్లోకి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది. ముత్యానికి ఆ తలుపు చప్పుడు గుండెలో తగిలింది. లైనంతా నవ్వితే నవ్వనీ, ఆమె నవ్వకపోవడం మాత్రం తట్టుకోలేకపోయాడు.

సైకిల్ తీశాడు. ఎక్కడికి పోతున్నాడో ఆయనకే తెలియదు. కాళ్లకు మాత్రం ముప్పై నాలుగేళ్ల అలవాటు కదా, అవి బాయి గేటు దగ్గరకు తీసుకుపోయాయి. మొదటి షిఫ్టు వాళ్లు బయటికొచ్చేదాకా వేపచెట్టు కింద కూర్చున్నాడు. ముత్యం దగ్గర పని నేర్చుకుని, ఇప్పుడు ఆ పంపు దగ్గరే ఖలాసీగా ఉన్న భూపాల్ మొహమంతా బొగ్గుతో బయటికొచ్చాడు.

"ముత్యమన్నా! ఏందే, మల్ల డ్యూటీకొస్తున్నవా?"

ముత్యం రెండుసార్లు నోరు తెరిచి మూశాడు. మూడోసారి, జీవితంలో మొదటిసారి, ఒకరిని అడిగాడు. "భూపాల్... కప్ప యాడ దొరుకుతదిరా?"

భూపాల్ నవ్వలేదు. అడిగింది ముత్యమన్న కదా, అదే పెద్ద వింత, అందులో కప్ప ఒక లెక్కా? "మన పంపు నీళ్లు పడేకాడ బొచ్చెడున్నయ్ గదనే."

"అవి యాడ పడతయ్?"

"ముప్పై నాలుగేండ్లు తోడినవ్, యాడ పడతయో ఎరుకలేదా?"

ఎరుకలేదు. పంపు ఖలాసీ డ్యూటీ భూమి లోపల. నీళ్లు పైపులోకి ఎక్కడం వరకే ఆయన పని. తర్వాత అవి ఏ దారిన పోయి ఎక్కడ పడితే ఆయనకెందుకు? షిఫ్టు అయిపోతే పైకొచ్చాడు, స్నానం చేశాడు, ఇంటికి పోయాడు. అంతే. నీళ్లు పోయాయంటే పోయాయనుకున్నాడు.

భూపాల్ బండి మీద మట్టిగుట్టల వెనక్కి తీసుకుపోయాడు. గుట్ట మలుపు తిరగగానే చల్లగాలి మొహానికి కొట్టింది. ముత్యం బండి దిగి అలాగే నిలబడిపోయాడు.

ఒక లావు పైపు లోంచి నీళ్లు బొళబొళమని పడుతున్నాయి. అక్కడి నుంచి చూపు ఆనినంత మేర నీళ్లు, పారకుండా, తొందర లేకుండా, నిలిచిపోయి ఉన్నాయి. మనిషెత్తు జమ్ము. అందులో గూళ్లు కట్టిన పిట్టలు. తూనీగలైతే ఎర్రవి, నీలివి, పసుపువి, పిల్లల పండగ బట్టల్లా. ఒడ్డున తెల్లకొంగలు బారులు తీరాయి. అవతలి గట్టున ఏ ఊరి బర్రెలో మెడ దాకా మునిగి కళ్లు మూసుకున్నాయి. ఊళ్లకు ఊళ్లు మాడిపోతుంటే ఇక్కడ మాత్రం పచ్చిక పచ్చగా ఉంది. ముత్యం వంగి దోసెడు నీళ్లు తీసి వాసన చూశాడు. అదే బాయి వాసన. తను తోడిన నీళ్లే.

"గిదంతా..." అన్నాడు.

"నువ్వు జేసిందేనే. కొంత నేను" అన్నాడు భూపాల్.

జీవితమంతా నీళ్లను నిలవనియ్యలేదని చెప్పుకున్న మనిషి చేసిన పని ఇది. కింద నిలవకుండా తీసి పైన నిలబెట్టాడు. ముత్యానికి నవ్వొచ్చింది, వెంటనే ఎండిన గుంట గుర్తొచ్చింది. ఎంత పని చేశానురా అనుకున్నాడు, పైకే అనుకున్నాడు.

ఇక వేట. అరవై రెండేళ్ల మనిషి లుంగీ ఎగ్గట్టి బురదలో దిగాడు. కప్పలు ఎన్ని లేవు! ఒకదాని వెంట పడితే ఇంకోటి కాళ్ల సందు నుంచి దూకింది. రెండుసార్లు జారి కూలబడ్డాడు. మూడోసారి పడ్డప్పుడు లేవకుండానే చేయి చాచి, పక్కనే కూర్చుని వింత చూస్తున్న లావుపాటి బోదురుకప్పను పట్టేశాడు. భూపాల్ తన టిఫిన్ డబ్బాలో తడి జమ్ము పరిచి దాన్ని కూర్చోబెట్టాడు. దారంతా ముత్యం మూత కాస్త తెరిచి, గాలి ఆడుతుందా లేదా అని చూసుకుంటూనే ఉన్నాడు.

ఇంటికొచ్చేసరికి ఇంకా వెలుతురుంది. శోభ తలుపు తీసింది. నెత్తి నుంచి కాళ్ల దాకా బురదగా ఉన్న మొగుణ్ణి చూసింది. డబ్బా మూత తీసి చూసింది. కప్ప బెకమంది. అప్పుడు నవ్వింది చూడండి, ముత్యానికి రెండు రోజుల తర్వాత అన్నం సయించింది.

ఆదివారం పొద్దున సమ్మవ్వ కప్పను తడిమి, "గిది కప్ప" అన్నది. తర్వాత, "రోకలి ఒక పక్క మల్లక్క మోస్తది, ఇంకో పక్క నువ్వు" అని ముత్యానికి ఆజ్ఞ వేసింది. మగవాళ్లు మోయడం ఆనవాయితీ కాదని ముత్యం గునిశాడు. "గుంటలు తోడుడు ఆనవాయితీనా?" అన్నది సమ్మవ్వ. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే కాబోలు, ముత్యం రోకలి భుజానికెత్తుకున్నాడు.

మొదటి ఇల్లాలు బిందె తెచ్చి కప్ప మీద పోసింది. నీళ్లు కప్పను తడిపి, ముత్యాన్ని తడిపి, సిమెంటు రోడ్డు మీద పడ్డాయి. రోడ్డు అప్పటికే పెనంలా కాలుతోంది. ముత్యం చూస్తుండగానే తడి ఆవిరైపోయింది. రెండో ఇంట్లోనూ అంతే. మూడో ఇల్లు వచ్చేసరికి ఆయన పూజ మరిచిపోయాడు, పంపు ఖలాసీ బుర్ర పని మొదలుపెట్టింది. నల్లా రోజు విడిచి రోజు. నలభై రెండిండ్లు, ఇంటికి ఒక బిందె. ఎవరి గొంతు తడపాల్సిన నీళ్లో ఇలా రోడ్డు తాగేస్తోంది. పైగా చివరికి కప్పను నీళ్లలో విడవాలి. ఏ నీళ్లలో?

"ఆగుండ్రి" అని అరిచి, రోకలితో సహా పక్కకు తిరిగాడు. రెండో కొస మోస్తున్న మల్లక్క గిర్రున తిరగబోయి, నాలుగు తిట్లు తిట్టి, వెంట నడిచింది. ముత్యం ఎండిన గుంటలో దిగి, పగుళ్లిచ్చిన అడుగు మీద, నట్టనడుమ పళ్లెంలా లోతున్న చోట ఆగాడు.

"కప్ప ఇంటింటికి రాదు. ఇండ్లే కప్ప కాడికి రావాలె. గీడ పొయ్యండ్రి నీళ్లు."

"గీడ పోస్తే నిలుస్తయ్ గదా తమ్మీ?" అన్నది మల్లక్క, రోకలి దించకుండానే. "నువ్వున్నంత కాలం నిలువయ్ అంటివి?"

గట్టు నిండా జనం. అందరూ వింటున్నారు. ముత్యం తల తుడుచుకున్నాడు. "అంటిని. తప్పే అంటిని. నిలిచిన నీళ్ల మీద ఎందరు బతుకుతున్నరో నిన్న కండ్లార చూసిన. నీళ్లు నిలవాలె."

"ఏందిరా? నాకు చెవుడు, ఇంకోపాలి అను" అన్నది సమ్మవ్వ గట్టు మీద నుంచి.

"నీళ్లు నిలవాలె!" అని ముత్యం గొంతు చించుకున్నాడు. "తప్పు నాదే!"

అందరికన్నా ముందు శోభ దిగింది. బిందెడు నీళ్లు కప్ప మీద పోసింది, మిగిలిన గుక్కెడు కావాలనే మొగుడి నెత్తిన పోసింది. ఆ తర్వాత బిందెలు వరస కట్టాయి. సగం నీళ్లు పగుళ్లలోకే పోయాయి. అయినా చివరి బిందె పోసేసరికి చీలమండ లోతున, రెండు మంచాల మేర నీళ్లు నిలిచాయి. కట్టు విప్పగానే కప్ప తపుక్కున దూకి, రెండు కళ్లు పైకి పెట్టి కూర్చుంది.

ఆ మర్నాటి నుంచి ముత్యానికి కొత్త డ్యూటీ. పొద్దున రెండు బిందెలు, సాయంత్రం రెండు. నల్లా వచ్చే రోజు ఇంకో రెండు ఎక్కువ. సంధ్యారాణి డబ్బాలో చేపపిల్లల్ని తెచ్చి వదిలి, ఇండ్లలో డ్రమ్ములన్నింటికీ గుడ్డలు కట్టించి పోయింది. వాన మాత్రం రాలేదు. ఎగతాళి చేసేవాళ్లు చేస్తూనే ఉన్నారు, ముత్యం వినిపించుకోలేదు.

నాలుగో రోజు తెల్లవారి బిందె ఒంపబోయి ఆగిపోయాడు. నీళ్లలో తన కప్ప ఉంది. దానికి బారెడు దూరంలో ఇంకో కప్ప. వీపంతా ఎండిన మట్టి అంటుకుని, అప్పుడే నిద్ర లేచినట్టు మెల్లగా రెప్పలు కొడుతోంది. దాని వెనక తడిసిన నేల ఉబ్బి పగిలింది, ఆ పగులు లోంచి మూడోదాని ముక్కు బయటికొస్తోంది. ముత్యం పెట్టిన కేకకు లైనంతా లేచి వచ్చింది.

"కప్పలెటు పోతయ్‌రా?" అన్నది సమ్మవ్వ, ఎవరి చేయో పట్టుకుని గట్టు మీదికొచ్చి. "నువ్వు నీళ్లు తోడంగనే మట్టి కిందికి దిగి పండుకున్నయ్. తడి తగిలితే లేస్తయ్."

"గట్లయితే నన్ను ఊరంతా ఎందుకు తిప్పినవవ్వా? గీడనే తవ్వి తీయకపోదునా?"

"పండుకున్నదాన్ని లేపితే పాపం. తిరగకపోతే నీకు తెలుస్తుండెనా?"

ముత్యం ఆమె మాట పూర్తిగా వినలేదు. నేల వైపే చూస్తున్నాడు. రెండు నెలలు. తను వరండాలో కుర్చీ వేసుకుని చాయ తాగుతున్నప్పుడు, శాలువా కప్పించుకుని మాట్లాడుతున్నప్పుడు, ఇవి ఈ మట్టి కింద చీకట్లో ఉన్నాయి. భూమి కింద ఉన్నవాళ్లను ఎవడో ఒకడు కనిపెట్టుకుని ఉండాలని ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి, ఈసారి గోడ వైపు తిరగలేదు.

బిందె ఒంపేసి, గబగబా గట్టెక్కి ఇంట్లోకి పోయి ఇంకో బిందె ఎత్తుకొచ్చాడు. శోభ గుమ్మంలో అడ్డం నిలబడింది.

"ఏమయ్యా, గవి తాగే నీళ్లు."

"జరుగు శోభా" అన్నాడు ముత్యం. "కింద ఇంకెంత మంది ఉన్నరో ఎరుకలేదు."

శోభ పక్కకు జరిగింది. తర్వాత రెండో బిందె తనే ఎత్తుకుంది.